సహాయ శిక్షకుల వృత్తి - దాని గౌరవము

ప్రతి సంవత్సరమును వార్షికోత్సవ దినమున బహుమతులు పొందిన బాలబాలికల పేర్లు సభలో చదువుట మన యాచారము. పిమ్మట ముఖ్యాతిథులకును, ప్రధానోపాధ్యాయులకును పూలమాలలు వేయుదుము. సాయంకాలములయందు ఆటస్థలమున నిలిచి ఆ పిల్లలకు తర్ఫీదు నిచ్చిన సహాయోపాధ్యాయుని పేరు మాత్రము తరచుగా ఎవరికిని జ్ఞప్తికి రాదు. ఈ మరపు మనకు మాత్రమే చెందినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల కళాశాలలలో స్త్రీల జిమ్నాస్టిక్సు జట్లకు సహాయ శిక్షకులుగా నుండువారి వృత్తిని పరిశీలించినచో ఈ విషయము చక్కగా బోధపడును. మన పాఠకులలో పలువురకిది క్రొత్త సంగతి గనుక, ముందుగా దాని స్వరూపమును తెలిపి, పిదప మా యభిప్రాయమును విన్నవింతుము.

ప్రభుత్వ ధనము పొందు విద్యాసంస్థలలో స్త్రీపురుష భేదము పాటింపరాదని ఆ దేశమున 1972లో శాసనము చేయబడెను. దానితో కళాశాలలు బాలికల క్రీడలకు ధనము వెచ్చింపసాగినవి. జాతీయ కళాశాలా క్రీడా సంఘమువారు 1982లో మొదటిసారి స్త్రీల జిమ్నాస్టిక్సు పోటీలను నడపగా యూటా విశ్వవిద్యాలయము గెలుపొందెను. ఈ పోటీలలో నాలుగు అంగములు కలవు: పరుగెత్తి వచ్చి బల్లమీదుగా ఎగిరి దుముకుట, ఎత్తుపల్లములుగా నమర్చిన రెండు కడ్డీలపై ఊగుట, సన్నని దూలముపై విన్యాసము, సంగీతముతో నేలపై విన్యాసము. ఒక్కొక్క యంగమున జట్టునుండి ఆరుగురు పాల్గొనగా, వానిలో మేలైన ఐదు మార్కులే లెక్కకు వచ్చును. అంతర్జాతీయ పోటీలలో 2006లో తొలగింపబడిన పదికి పది మార్కుల పద్ధతి ఈ కళాశాలలలో నిలిచియే యున్నది. క్రిందపడినచో అరమార్కు పోవును.

దూలము వెడల్పు 10 సెంటీమీటర్లు. పొడవు 5 మీటర్లు. నేలనుండి ఎత్తు 1.25 మీటర్లు. నాలుగు వ్రేళ్లు ప్రక్కప్రక్కన నుంచినంతకంటె కొంచెమే హెచ్చైన ఆ మేరపై పిల్ల వెనుకకు పిల్లిమొగ్గ వేసి మరల నిలువవలయును. ఇట్టి విద్యను నాలుగంగములలోను ఒక్కడే నేర్పజాలడు. కావున సహాయ శిక్షకులలో ఒకరు కడ్డీలను, ఒకరు దూలమును, మరియొకరు నేలవిన్యాసమును చూచుకొందురు. ఊరూర తిరిగి ఉన్నత పాఠశాలలలో చదువు బాలికల నైపుణ్యమును పరీక్షించి, వారిని కళాశాలకు పిలుచుకొని వచ్చు భారమును గూడ వీరు వహింతురు.

వీరి పనులలో మాకు మిక్కిలి గొప్పదిగా తోచునది వేరొకటి కలదు. పిల్ల కడ్డీపైనుండి జారునెడల పట్టుకొనుటకై సహాయ శిక్షకుడు క్రింద చేతులు చాచి నిలుచును. అభ్యాసకాలమున ఆ చేతులు ఎన్నియో పర్యాయములు ఆమెను మోయును. పోటీనాడు ఆ చేయి ఆమెకు ఆసరా యిచ్చినచో మార్కులు తగ్గును. కాబట్టి దూరముగా పోక, చేయి తగిలింపక, కన్ను మరల్పక నిలువవలయును. అతని శ్రమ సంపూర్ణముగా ఫలించిన దినమున అతడేమియు చేయనట్లే చూపరులకు కనబడును.

రెండవ స్థానము మొదటి స్థానమునకు మెట్టు మాత్రమే యని కొందరి వాదము. దానిలో కొంత సత్యము లేకపోలేదు. వాలరీ కాండోస్ ఫీల్డు అను నామె నర్తకియే గాని జిమ్నాస్టు కాదు. లాస్ ఏంజెలీసునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున నృత్యరచన చేయు సహాయ శిక్షకురాలుగా చేరి, 1991 మొదలు 2019 వరకు ప్రధాన శిక్షకురాలై, ఏడు పర్యాయములు తన జట్టును జాతీయ విజేతగా నిలిపెను. అయినను జే క్లార్కు చరిత్ర మరియొక పాఠమును చెప్పుచున్నది. జార్జియా విశ్వవిద్యాలయమున బహుకాలము సహాయకుడుగా నుండి, 2009లో ప్రధాన శిక్షకుడై, ఆశించిన ఫలము కానరాక 2012లో ఆ పదవిని విడిచెను. అవమానమని యింట కూర్చుండలేదు. లూయిసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయమున డీడీ బ్రో అను శిక్షకురాలి క్రింద మరల సహాయకుడుగా చేరెను. ఆమె 2020లో విశ్రాంతి గైకొన్న పిమ్మట ఆ జట్టు భారము అతనిది యయ్యెను. 2024లో ఆ విశ్వవిద్యాలయము ఈ క్రీడలో మొట్టమొదటి జాతీయ విజయమును సాధించెను. రెండవ స్థానమునకు మరలివచ్చుటను అతడు చిన్నతనమని తలచియుండినచో ఆ విజయమున అతనికి పాలుండెడిది కాదు.

ఇక జీతము మాట. సహాయ శిక్షకుల సంఖ్యకు నియమముచే హద్దు విధించి, ఆపైన స్వచ్ఛంద శిక్షకుడను పేర ఒకరిని జీతము లేకయే పనిచేయించుకొను పద్ధతి ఆ కళాశాలలలో చిరకాలము సాగెను. 2023 జూలైలో దానిని తొలగించిరి. ఇది న్యాయమైన మార్పని మా నమ్మకము. సేవాభావము ఉత్తమమైనదే, కాని అది ఇచ్చువాని హృదయమునుండి రావలసినదే గాని, పుచ్చుకొనువాడు హక్కుగా అడుగదగినది కాదు. పనిని పొగడుచు కూలిని మరచుట పొగడ్త యనిపించుకొనదు.

గౌరవముతోపాటు బాధ్యతయు కలదు. అనేక సంవత్సరములు జిమ్నాస్టు బాలికలపై అత్యాచారములు చేసిన యొక వైద్యునికి 2018 జనవరిలో మిషిగన్ రాష్ట్ర న్యాయస్థానము కఠినశిక్ష విధించెను. నూటయేబదిమందికి పైగా బాధితులు తమ గోడును ఆ న్యాయస్థానమున వినిపించిరి. కొందరు బాలికలు ఎన్నడో పెద్దలకు చెప్పుకొన్నను వినినవారు లేకపోయిరి. పిల్లకు మిక్కిలి చేరువగా నుండువాడు సహాయ శిక్షకుడే. ఆమె ముఖమున మార్పును మొదట చూడగలవాడును అతడే. పైవారి యాగ్రహమునకు వెరచి అతడు నోరు మూసికొన్నచో, చాచిన చేతులవలన ప్రయోజనమేమి? శరీరము పడకుండ పట్టుటయేగాక, మాట నేలబడకుండ పట్టుటయు ఆ వృత్తిలోని ధర్మమే. తలిదండ్రులు గూడ బిడ్డ చెప్పుమాటను కొట్టివేయక వినవలయును.

హైదరాబాదు బాలిక అరుణారెడ్డి 2018లో మెల్బోర్ను నగరమున ప్రపంచకప్పు పోటీలలో కాంస్య పతకము గెలిచినపుడు తెలుగువారమెల్లరము సంతోషించితిమి. ఆమెకు మొదటి దుముకు నేర్పునపుడు ప్రక్కన నిలిచినవారెవరని మనలో ఎందరమడిగితిమి?

విద్యార్థులారా! మీలో అందరును ప్రథములు కాజాలరు; కానక్కరయు లేదు. మీకు లభించిన స్థానము రెండవదైనను దానిలోని పనిని నిండుగా చేయుడు. న్యాయమైన ప్రతిఫలమును కోరుటకు సిగ్గుపడకుడు. చూచిన అన్యాయమును చెప్పుటకు జంకకుడు. పెద్దలకు మా మనవి యొక్కటియే. రాబోవు వార్షికోత్సవమున విజేతల పేర్ల ప్రక్కనే వారికి తర్ఫీదు నిచ్చినవారి పేర్లను గూడ చదివింపుడు. అందులకు వ్యయమేమియు లేదు. ఒక్క కాగితమున మరికొన్ని పంక్తులు చాలును.