కాగితాల నియమం అందరికీ ఒక్కటే కావాలి

తిరుపతి రైల్వే స్టేషను ఎదుట, అలిపిరి దగ్గర, రేణిగుంట విమానాశ్రయం వెలుపల యాత్రికుల కోసం నిరీక్షించే కార్ల వరుసలో మన యువకులు కూడా ఉన్నారు. శ్రీకాళహస్తికీ, కాణిపాకానికీ, చిత్తూరు మీదుగా వేలూరుకూ బండి తోలడమే వారి జీవనాధారం. అయితే స్టీరింగు పట్టిన ప్రతివాడూ బండికి యజమాని కాడు. ఏళ్ల తరబడి ఒకరి కారును బాడుగకో, దినసరి కూలికో నడిపేవారు ఎందరో. సొంత బండి కోసం ముందు చెల్లించవలసిన సొమ్ము కూడబెట్టుకున్నవాడు సైతం అప్పిచ్చేవారి గడప దగ్గర కాగితాల కట్ట లేక వెనుదిరుగుతున్నాడు. ఈ విషయమై సమాజం నిదానంగా ఆలోచించవలసిన తరుణం వచ్చిందని మేము భావిస్తున్నాము.

అప్పిచ్చేవారు పత్రాలు అడగడాన్ని మేము తప్పుపట్టడం లేదు. గుర్తింపుకు ఆధార్, పాన్ కార్డులు, చిరునామాకు ఆధారం, జీతగాడైతే జీతపు చీటీలు, స్వయం ఉపాధి అయితే రెండేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, డ్రైవింగు లైసెన్సు, డీలరు ఇచ్చిన కొటేషను, బీమా పత్రం, కొన్నిచోట్ల జామీనుదారు సంతకం. ఇవి సాధారణంగా అడిగేవే. నియమం ప్రకారం నడిచే చోట పేదవాడికి సిఫారసు కంటే కాగితమే మేలు చేస్తుంది. మా ఆక్షేపణ అంతా ఆ నియమం మనిషిని బట్టి, వీధిని బట్టి మారడం పైననే.

మన ఇళ్లలో చిక్కు పేరుతోనే మొదలవుతుంది. 'షేక్' అన్న ఒక్క ఇంటిపేరును ఇంగ్లీషులో నాలుగు విధాలుగా రాస్తారు. ఒక కార్డులో పూర్తిగా ఉంటే మరొక కార్డులో 'ఎస్.కె.' అని పొట్టిగా ఉంటుంది. మహబూబ్ బాషా ఒకచోట మాబు బాషా అవుతాడు. భార్య పేరు చివర ఒక పత్రంలో 'బీ', మరొక పత్రంలో 'బేగం'. మనిషి ఒక్కడే అయినా కంప్యూటరుకు ముగ్గురుగా కనిపిస్తాడు. అద్దె ఇంట్లో ఉన్నవారికి కరెంటు బిల్లు యజమాని పేరిట వస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉండదు. మెకానిక్కు, పండ్ల వ్యాపారికి, డ్రైవరుకు రోజూ డబ్బు చేతికి వస్తుంది కాని బ్యాంకు ఖాతాలో దాని జాడ ఉండదు.

ఇక రెండవ చిక్కు మన చేతిలో లేనిది. 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక, కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను 'ప్రతికూల మండలాలు'గా లెక్కగట్టి అక్కడ రుణాలు సులువుగా ఇవ్వడం లేదనీ, అటువంటి చోట్ల ముస్లిముల జనాభా ఎక్కువగా ఉండే అవకాశముందనీ పేర్కొన్నది. స్త్రీపురుష భేదం, కులం, మతం కారణంగా రుణ విషయంలో వివక్ష చూపరాదని రిజర్వు బ్యాంకు నియమావళి స్పష్టంగా శాసిస్తున్నది. దరఖాస్తు అందినట్లు రసీదు ఇవ్వాలనీ, తిరస్కరిస్తే ముఖ్య కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలనీ బ్యాంకులకు ఆదేశం ఉన్నది. "మీ ఏరియాకు ఇవ్వం" అన్న నోటిమాట ఈ ఆదేశాల ముందు నిలువదు. కనుకనే అది కాగితం మీదికి రాదు. రసీదునూ, కారణాన్నీ రాతలో అడగడమే మన మొదటి ఆయుధం. సిబిల్ స్కోరు సాకు చూపినా సరే, కనీస స్కోరు ఇంత ఉండాలని రిజర్వు బ్యాంకు ఎక్కడా నిర్ణయించలేదు. ఏడాదికొకసారి రుణ చరిత్ర నివేదికను ఉచితంగా పొందే హక్కు ప్రతివారికీ ఉన్నది.

బ్యాంకు మొగం చాటేస్తే మనవాడు ప్రైవేటు ఫైనాన్సు తలుపు తడతాడు. అక్కడ కాగితాలు తక్కువ, ధర ఎక్కువ. అయిదు లక్షల అప్పు, అయిదేళ్ల గడువు, 'పది శాతం ఫ్లాటు వడ్డీ' అంటే వినడానికి చౌకగానే ఉంటుంది. కాని నెలకు 12,500 రూపాయల చొప్పున మొత్తం ఏడున్నర లక్షలు కట్టాలి. అసలు తగ్గుతున్నకొద్దీ లెక్కగడితే అది ఏడాదికి సుమారు 17 శాతం వడ్డీ. ఈ అసలు రేటును, ఇతర రుసుములను ఒకేచోట చూపే 'కీలక వాస్తవాల పత్రం' రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇచ్చి వివరించాలని 2024 అక్టోబరు 1 నుండి నిబంధన అమలులో ఉన్నది. తెలుగులో ఆ పత్రం చూడనిదే సంతకం పెట్టరాదు. ఖాళీ చెక్కులపై, ఖాళీ ఫారాలపై సంతకం అసలే పెట్టరాదు.

మనం ఇచ్చే కాగితాల మీద ఉన్న శ్రద్ధ మనకు రావలసిన కాగితాల మీద ఉండడం లేదు. ఒప్పందం నకలు మన దగ్గర ఉండాలి. వాయిదా తప్పితే బండిని ఎలా స్వాధీనం చేసుకుంటారో, ముందు ఎంత గడువుతో నోటీసు ఇస్తారో ఫైనాన్సు సంస్థలు ఆ ఒప్పందంలోనే రాయాలి. వసూలు కోసం బలప్రయోగానికి దిగడాన్ని సుప్రీంకోర్టు 2007లోనే తీవ్రంగా గర్హించింది. అప్పు తీరినాక నిరభ్యంతర పత్రం, ఫారం 35 తీసుకొని ఆర్‌సీలో అప్పు నమోదును రద్దు చేయించుకోవాలి. వ్యక్తిగత రుణాల విషయంలో పత్రాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వకపోతే, ఆ ఆలస్యానికి కారణం సంస్థే అయితే, రోజుకు 5,000 రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 డిసెంబరు నుండి నియమం. అన్యాయం జరిగితే ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో న్యాయం దొరకనప్పుడు రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 14448కు ఫోను చేస్తే దారి చెబుతారు.

తిరుపతి, చిత్తూరు జిల్లాల బ్యాంకులను మేము కోరేది ఒక్కటే. కారు రుణానికి కావలసిన పత్రాల జాబితాను ప్రతి శాఖలో తెలుగులోనూ ఉర్దూలోనూ గోడకు అంటించండి. తిరస్కరించిన దరఖాస్తుల లెక్కను జిల్లా స్థాయి బ్యాంకర్ల సమావేశంలో చర్చకు పెట్టండి. మసీదు కమిటీలకు మా విన్నపం మరొకటి. జుమా నమాజు తరువాత గంటసేపు చదువుకున్న యువకులను ఇద్దరిని కూర్చోబెట్టండి. ఆధార్, పాన్, లైసెన్సుల్లో పేరు ఒక్క తీరుగా దిద్దించడం, రిటర్నులు వేయించడం, రోజువారీ రాబడిని ఖాతాలో వేసే అలవాటు చేయించడం వారి పని. పేరు సరిదిద్దుకోవడం మన బాధ్యత. ఆ పేరు చూసి తలుపు మూయకుండా ఉండడం బ్యాంకుల బాధ్యత. మొదటిది మనం పూర్తి చేసిననాడు రెండవదాన్ని మరింత గట్టిగా నిలదీయగలుగుతాము.