రాళ్లు కొట్టిన చేతికి రంగులు

ఈ శీర్షికలో మేము ఎక్కువగా వీసాలు, జీతాలు, ఇంటికి పంపే డబ్బు గురించే రాస్తుంటాం. ఈ వారం ఒక చిత్రకారిణి గురించి రాస్తున్నాం. బొమ్మలతో మనకేం పని అనుకోకండి. ఆమె కూడా మనలాగే ఎండలో కూలి చేసిన మనిషి.

ఆమె పేరు జోధైయా బాయి. ఊరు మధ్యప్రదేశ్‌లోని ఉమరియా జిల్లా లోర్హా గ్రామం. బైగా తెగకు చెందిన ఆదివాసీ. పులులకు పేరుపడ్డ బాంధవ్‌గఢ్ అడవి ఉన్నది ఆ జిల్లాలోనే. నాగలితో దున్నితే భూమితల్లి ఒళ్లు చీల్చినట్టేనని బైగాలు పూర్వం నాగలి పట్టేవారు కాదు. పులి వాళ్లకు దేవుడు. మన ఆదిలాబాద్ వైపు ఇప్పచెట్టు అని పిలుచుకునే మహువా చెట్టుకు వాళ్ల పండుగల్లో, పెళ్లిళ్లలో పెద్దపీట.

జోధైయా బాయి బడికి వెళ్లలేదు. చిన్న వయసులోనే పెళ్లయింది. నలభై ఏళ్ల ప్రాయంలోనే భర్త పోయారు. ఇంట్లో పిల్లలు, చేతిలో చిల్లిగవ్వ లేదు. రాళ్లు కొట్టారు. అడవికి వెళ్లి కట్టెలు ఏరి తెచ్చి అమ్మారు. పిడకలు చేసి అమ్మారు. అలా ఒకటీ రెండూ కాదు, ముప్పై ఏళ్లకు దగ్గరగా గడిచాయి. కుంచె పట్టేనాటికి ఆమెకు డెబ్బై ఏళ్లు రాబోతున్నాయి.

ఆమె గురించి చెప్పేవాళ్లు చాలామంది ఈ ముప్పై ఏళ్లను ఒక్క మాటలో దాటేస్తారు. భర్త పోయారు, ఆ దుఃఖంలోంచి కళ పుట్టింది అని చెప్పేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రాళ్లు కొట్టే మనిషికి దుఃఖపడడానికి తీరిక ఎక్కడిది? ఈ సంగతి మన క్యాంపుల్లో ఉన్నవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఊరి నుంచి ఫోన్ వస్తుంది, నాన్న పోయాడని. టికెట్ దొరకదు, లేదా సెలవు దొరకదు. ఫోన్‌లోనే చివరి చూపు చూసుకుని, తెల్లారి నాలుగింటికి లేచి బస్సెక్కి సైటుకు పోయినవాళ్లు మనలో ఎందరు లేరు? ఆ ఏడుపు ఏమైనట్టు? ఎక్కడికీ పోదు, లోపలే ఉంటుంది.

జోధైయా బాయి లోపల దుఃఖంతో పాటు ఇంకొకటి కూడా చేరింది. కట్టెల కోసం అడవిలో తిరిగిన ఏళ్లన్నీ ఆమె కళ్లు ఖాళీగా లేవు. ఇప్పచెట్టు ఎప్పుడు ఆకు రాల్చేదీ, పువ్వు ఎప్పుడు రాలేదీ, పాము ఎలా మెలికలు తిరిగేదీ, పక్షి ఏ కొమ్మ మీద వాలేదీ చూస్తూనే ఉన్నారు. కూలి కోసం వెళ్లిన దారే ఆమెకు బడి అయింది. అయితే ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు, ఆమెకూ తెలిసి ఉండదు.

శాంతినికేతన్‌లో చదువుకున్న ఆశిష్ స్వామి అనే చిత్రకారుడు 2008లో లోర్హాలో ఒక చిత్రశాల తెరిచారు. పేరు జన్‌గణ్ తస్వీర్‌ఖానా. ఊళ్లోని ఆదివాసులను పిలిచి రంగులు చేతికిచ్చారు. జోధైయా బాయి కూడా వెళ్లారు. మొదట నేల మీద ముగ్గులా గీశారు. తర్వాత సొరకాయల వంటి కూరగాయల మీద, చెక్క మీద వేశారు. ఆ తర్వాతే కాగితం, కాన్వాస్. ఇలా గీయి, అలా గీయి అని స్వామి ఆమెకు నేర్పబోలేదు. ఆమెకు తెలిసిందే వెయ్యనిచ్చారు.

ఏం వేశారు? ఇప్పచెట్టు వేశారు, పులి దేవుణ్ని వేశారు, పాముల్ని, పక్షుల్ని, శివుణ్ని వేశారు. ఒకప్పుడు బైగాల మట్టి ఇళ్ల గోడల మీద ఉండి కనుమరుగవుతూ వచ్చిన బొమ్మలు ఆమె చేతిలో మళ్లీ లేచాయి. 2019లో ఆ బొమ్మలు ఇటలీలోని మిలాన్ నగరంలో ప్రదర్శనకు వెళ్లాయి. 2022లో నారీశక్తి పురస్కారం, 2023లో పద్మశ్రీ రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నారు. దారి చూపిన ఆశిష్ స్వామి 2021లోనే కన్నుమూశారు, ఆ రోజులు ఆయన చూడలేదు. జోధైయా బాయి 2024 డిసెంబరు 15న 86 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు.

ఈ కథ చదివి, కష్టపడితే పద్మశ్రీ వస్తుందని మేము చెప్పబోవడం లేదు. కష్టపడేవాళ్లు కోట్లమంది, పద్మశ్రీలు కొన్నే. మేము చెప్పదలచుకున్నది వేరు. దుఃఖం తనంతట తాను బొమ్మగా మారదు. ఎన్నో ఏళ్లు చూసిన చూపు ఉండాలి, ఆ చూపును బయటపెట్టడానికి కాస్త చోటు ఉండాలి, "నువ్వూ వెయ్యి" అని రంగు చేతిలో పెట్టే మనిషి ఒకరుండాలి. లోర్హాలో మొదటిది ఎప్పటి నుంచో ఉంది. మిగిలిన రెండూ రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

మన గదుల్లో కూడా ఇలాంటివాళ్లు ఉన్నారు. భార్య పోయిందని తెలిసిన రోజు నుంచి మాట తగ్గించేసిన మేస్త్రీ ఉంటాడు. సిమెంటు బస్తా మీద బొగ్గుముక్కతో తన ఊరి చెరువు గీసే హెల్పరు ఉంటాడు. ఇంకొకరు పాట పాడతారు, డప్పు కొడతారు. వాళ్లను చూసి నవ్వకండి, "వయసు మీరింది, ఇప్పుడెందుకు?" అనకండి. సెలవు రోజున సూపర్‌మార్కెట్‌కు వెళ్లినప్పుడు పిల్లలు వాడే రంగుపెన్సిళ్ల డబ్బా ఒకటి, తెల్ల కాగితాల పుస్తకం ఒకటి తెచ్చి ఆ మనిషి మంచం మీద పెట్టండి. ఒక పూట భోజనం ఖర్చు కూడా కాదు.

ఏం వెయ్యాలని అడిగితే, మీ ఊరి చెట్టు ఒకటి వెయ్యమనండి. ఏ చెట్టు అన్నది ఆయనకే తెలుసు.