పడిశెం పది రోగాల పెట్టు

ఉర్దూలో నజలా అన్నా, తెలుగులో పడిశెం అన్నా మనకు దానిపట్ల చులకన భావమే. కాని పడిశెం పది రోగాల పెట్టు అని పెద్దలు ఊరక అనలేదు. ఇన్‌ఫ్లుయెంజా మామూలు పడిశెం కాదు. హఠాత్తుగా తీవ్రజ్వరంతో, దగ్గుతో ప్రారంభమై, కొందరిలో న్యుమోనియాగా పరిణమించి, ప్రాణవాయువు అందని స్థితిలో మనిషిని ఆసుపత్రి మంచం మీదికి చేరుస్తుంది.

1918-19 సంవత్సరాలలో ఈ జ్వరం మన దేశంలో కోటికి పైగా ప్రజలను బలిగొన్నది. 2009 మే నెలలో భారతదేశపు తొలి స్వైన్ ఫ్లూ రోగిని గుర్తించినది హైదరాబాదులోనే. 2015 ఆరంభంలో తెలంగాణ మరల దాని తాకిడికి గురైనది.

వృద్ధులకు, పసిబిడ్డలకు, గర్భిణులకు, ఉబ్బసం, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారికి దీని వలన ప్రమాదం మెండు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో పొగాకు ధూళి పీలుస్తూ బీడీలు చుట్టే తల్లులను, గోదావరిఖని, మందమర్రి బొగ్గుగనులలో జీవితం ధారపోసిన తండ్రులను తలచుకొనండి. శ్వాసకోశాలు అలసిన ఇండ్లు మనవి.

దీనికి టీకా ఉన్నది. వైరస్ తన రూపు మార్చుకొంటూ ఉండుట వలన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు టీకాలో ఉండదగిన రకాలను సూచిస్తుంది. కనుక ఏటేటా వేయించుకొనవలసినదే. రక్షణ కలుగుటకు సుమారు రెండు వారాలు పడుతుంది.

"టీకా వేయించుకొన్నా జ్వరం వచ్చింది గదా!" అని కొందరి ఆక్షేపణ. నిజమే, అది అభేద్యకవచం కాదు. అయినను వ్యాధి ముదిరి ఆసుపత్రిలో చేరే అవసరాన్ని, మరణాన్ని తగ్గిస్తుంది. ఆ మేలు స్వల్పమా?

హజ్ యాత్రకు వెళ్ళే పెద్దలకు ఈ టీకా వేయిస్తున్నాము. యాత్రకు నోచుకోని పేదతల్లి ఊపిరి అంతకంటె చౌకదా? ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమంలో దీనికి చోటు లేదు. కొని వేయించుకొనుట కూలి కుటుంబానికి భారం. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రమాదస్థితిలో ఉన్నవారికి దీనిని ఉచితంగా ఇవ్వాలి. రోగులకు తమ వలన వ్యాధి సోకకుండా వైద్యులు, నర్సులు, ఆయాలు ముందుగా వేయించుకోవాలి.

కళాశాల కమిటీవారికి ఒక మనవి: వానకాలానికి ముందే వైద్యులను పిలిపించి, రెండు భాషలలోను ఒక అవగాహన సభ జరిపించండి. సోదర విద్యార్థులారా, జ్వరం ఉన్ననాడు ఆసుపత్రిలోని బంధువును పరామర్శించుట మానండి. ఆనాటికి ఆయనకు అదే మన నిజమైన పరామర్శ.