ఆకాశమునకు గడియ

హెల్సింకీనుండి టోకియోకు దగ్గరి దారి సుమారు 7,800 కిలోమీటర్లు. ఈ దూరము మారునది కాదు. ప్రయాణకాలము మాత్రము మారుచు వచ్చినది. 1983లో ఫిన్లండు విమానము ఎచ్చటను దిగక టోకియో చేరుటకు దాదాపు 13 గంటలు పట్టెను. పిమ్మట సైబీరియా మార్గము లభింపగా అది 10 గంటల లోపునకు తగ్గెను. 2022లో మరల 13 గంటలయ్యెను. యంత్రములు చెడలేదు, రాజ్యముల మైత్రి చెడినది.

ఆ రెండు నగరముల నడుమ నున్నది రష్యా. నాడు సోవియట్ ప్రభుత్వము దారి యొసగకపోవుటచే విమానములు ఉత్తరధ్రువము మీదుగ చుట్టి పోయెను. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయినుపై దండెత్తగా ఐరోపా సమాఖ్య రష్యా విమానములను నిషేధించెను; రష్యాయు 36 దేశముల విమానములకు తన ఆకాశమును మూసెను. మరల ధ్రువమార్గమే గతియైనది. ధ్రువము దాటినట్లు ప్రయాణికులకు ప్రశంసాపత్రములు పంచిరి. పత్రము ముచ్చటయే, అధికముగ కాలిన ఇంధనపు మూల్యమును భరించునది ఎవరు?

తన భూమిపైనున్న ఆకాశము ప్రతి దేశమునకును సొంతమని 1944 నాటి షికాగో ఒడంబడిక మొదటి అధికరణమే చాటుచున్నది. పరపాలనలో నలిగిన జాతి ఆ హక్కును చులకన చేయజాలదు. కాని హక్కు వేరు, దానిని వినియోగించు తీరు వేరు. తన పొలములోని బండిదారికి కంచె వేయు రైతు, రేపు తన బండికి పొరుగువాని పొలమున దారి యడుగ నేరడు.

అపాయమున్నచోట ఆకాశమును మూయుట ధర్మము. 2014లో తూర్పు యుక్రెయినున యుద్ధము సాగుచుండగా 32,000 అడుగుల దిగువ మాత్రమే మూసిరి. 33,000 అడుగుల యెత్తున పోవుచున్న మలేషియా విమానము కూల్చబడి 298 మంది మరణించిరి. అచ్చట మూయకపోవుటయే నేరము. కోపమును తీర్చుకొనుటకు మూయుట మాత్రము అట్టిది కాదు.

ఇది పరుల కథ యనుకొనరాదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం హత్యాకాండ పిమ్మట తొలుత పాకిస్థానును, తరువాత మనమును ఒకరి విమానములకొకరము ఆకాశమును మూసితిమి. ఢిల్లీనుండి ఐరోపాకు పోవు మన విమానములు అరేబియా సముద్రము మీదుగ చుట్టవలసి వచ్చెను. హంతకులను దండింపవలసినదే, అందు సందేహము లేదు. కాని ఈ దారి మూతవలన హంతకునికి ఒక్క గంటయు నష్టము కాలేదు. నష్టపడినది చదువునకు, కూలికి, వైద్యమునకు దూరదేశములకు పోవు ప్రయాణికుడే.

కావున రక్షణార్థము తప్ప పౌరవిమానములకు దారి మూయరాదనియు, మూసినచో గడువు పొడిగించునప్పుడెల్ల అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ యెదుట కారణము చూపవలెననియు నియమము కావలయును. దానిని కోరుటలో భారతదేశమే ముందు నిలువవలెను. చుట్టుదారి కష్టమెట్టిదో మన మెరుగుదుము గదా!