ఇరవై డాలర్ల నోటు మీద ఖైదీ

ఆస్ట్రేలియాలో ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఇరవై డాలర్ల నోటు ఫొటో ఒకటి పంపమనండి. ఓ పక్క కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ కనిపిస్తుంది. పేరు మేరీ రీబీ. ఆవిడ ఆ దేశంలో దిగింది ఖైదీగా!

ఇంగ్లండ్‌లో గుర్రం దొంగతనం కేసు. పట్టుబడినప్పుడు మగపిల్లాడి వేషంలో ఉంది, పేరు జేమ్స్ బర్రో అని చెప్పుకుంది. అప్పటికింకా చిన్నపిల్లే. ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష పడింది. 1792లో సిడ్నీ చేరింది. పెళ్లయింది, ఏడుగురు పిల్లలు. 1811లో భర్త పోయాక వ్యాపారమంతా తనే నడిపి, పెద్ద ఆస్తిపరురాలైంది.

అసలు ట్విస్ట్ 1828 జనాభా లెక్కల్లో ఉంది. అక్కడ ఆవిడ రాయించింది ఏంటంటే, 1821లో స్వేచ్ఛగా వచ్చానని! పూర్తి అబద్ధమేం కాదు. 1820లో ఇంగ్లండ్ వెళ్లి, మరుసటి ఏడాది తిరిగొచ్చింది. మొదటి రాక దాచి రెండో రాక చూపించింది, అంతే.

1788 నుంచి 1868 దాకా బ్రిటన్ ఆస్ట్రేలియాకి పంపిన ఖైదీలు లక్షా అరవై వేలకు పైనే. చాలా ఇళ్లలో ఆ మాటే ఎత్తేవాళ్లు కాదు. ఇప్పుడు వాళ్ల మునిమనవలే వెతుకుతున్నారు. దొరుకుతున్నారు కూడా. ఎందుకంటే ఖైదీ గురించి సర్కారు రాసుకున్నంత వివరంగా మామూలు కూలీ గురించి ఎవరూ రాయలేదు. ఎత్తు, కళ్ల రంగు, పచ్చబొట్లు, ఏ ఓడ, ఏ తప్పుకి ఏ శిక్ష... అన్నీ. టాస్మానియా రిజిస్టర్లు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టారు.

వెతికేటప్పుడు పేరొక్కటే నమ్మకూడదు. మన డేటాబేస్ భాషలో చెప్పాలంటే పేరు ప్రైమరీ కీ కాదు. పేరు, ఓడ, వచ్చిన ఏడాది మూడూ కలిస్తేనే ఆ మనిషి అనుకోవాలి. ఇంకోటి, ఆ రిజిస్టర్ రాసింది శిక్ష వేసినవాళ్లు. ఎదురు మాట్లాడాడని ఉంటుంది, ఎందుకు మాట్లాడాడో ఉండదు. అందుకే పెళ్లి, భూమి, పిల్లల కాగితాలు కూడా చూడాలి. అప్పుడే ఖైదీ నంబర్ వెనకాల మనిషి కనిపిస్తాడు.

ఇది మనకి దూరపు కథేం కాదు. బ్రిటిష్‌వాళ్లు 1858 నుంచి మనవాళ్లని అండమాన్ పంపారు. 1857 జూలై 17న హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి చేసినవాళ్లలో ముఖ్యుడైన మౌల్వీ అలావుద్దీన్‌ని అక్కడికే పంపారు. ఆయన అక్కడే చనిపోయారు.

మీ ఇంట్లో కూడా ఎవరో ముత్తాత కాలాపానీ వెళ్లాడనే మాట ఉందా? నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో వెతకొచ్చు. కానీ ముందు నాయనమ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టి ఊరు, ఇంటిపేరు, విన్న కథ అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. స్కాన్ చేసిన కాగితం వచ్చే ఏడాదీ ఉంటుంది. పెద్దవాళ్ల జ్ఞాపకానికి బ్యాకప్ లేదు.