గోదావరికీ ఒక ‘సారాట్’ కావాలి

2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. గోదావరిలో కలిసే జంపన్న వాగు ఉప్పొంగి ఏటూరునాగారం మండలం కొండాయిని ముంచెత్తింది. 8 మంది కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. గల్లంతైనవారి కోసం వెతుకులాట మర్నాడూ సాగింది.

ఎక్కడ వెతకాలి? ఇప్పటికీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పేది గజ ఈతగాళ్లు, జాలర్లే. ఏ మడుగులో సుడి తిరుగుతుందో, ఏ వంపులో ఇసుక మేట వేస్తుందో వాళ్లకు తెలుసు. ఆ తెలివికి లెక్క తోడైతే ఎంతో వెతుకులాట తగ్గుతుంది.

మునిగి చనిపోయినవారి దేహం సాధారణంగా ముందు అడుగుకు చేరుతుంది. అక్కడ ప్రవాహం పైకంటే మెల్లగా ఉంటుంది కాబట్టి మడుగుల్లో మునిగిన చోటికి దగ్గర్లోనే ఉండిపోతుంది. లోపల వాయువులు పుట్టాకే పైకి తేలుతుంది. వెచ్చని నీటిలో దీనికి ఒకట్రెండు రోజులు చాలు, చల్లని నీటిలో చాలా రోజులు పట్టవచ్చు. తేలిన తర్వాత లెక్కే వేరు. నీరు సెకనుకు 1 మీటరు వేగంతో పారుతుంటే, ఎక్కడా చిక్కుకోని దేహం 12 గంటల్లో 43 కిలోమీటర్లు దాటిపోతుంది. అందుకే మొదటి రోజు మునిగిన చోటే జల్లెడ పట్టాలి. ఆ తర్వాత దిగువన చెట్లు, వంతెన స్తంభాలు, ఆనకట్టల దగ్గర కాపు కాయాలి.

2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠ పడవ ఈ రెండు తీరులనూ చూపించింది. కొందరి మృతదేహాలు ధవళేశ్వరం దాకా కొట్టుకుపోయాయి. మరికొన్ని పడవలోనే చిక్కుకుని, అక్టోబర్ 22న ధర్మాడి సత్యం బృందం దాన్ని ఒడ్డుకు లాగేదాకా బయటపడలేదు. ఆ పడవలో తమవారిని పోగొట్టుకున్న కాజీపేట దగ్గరి కడిపికొండ కుటుంబాలు అన్ని రోజులూ ఎదురుచూపులతో నలిగిపోయాయి. అంత్యక్రియలు జరగని ఇంట్లో దుఃఖానికి గడువుండదు. పైగా మనిషి ఆచూకీ లేకపోతే చనిపోయినట్టు భావించడానికి చట్టం సాధారణంగా 7 ఏళ్లు ఆగమంటుంది.

సముద్రం విషయంలో మనం ఎప్పుడో ముందడుగు వేశాం. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) 2016లో ‘సారాట్’ అనే సాధనాన్ని తెచ్చింది. గల్లంతైన పడవ లేదా మనిషి చివరిసారి కనిపించిన చోటు, సమయం ఇస్తే గాలిని, ప్రవాహాన్ని లెక్కగట్టి ఎక్కడ వెతకాలో పటం మీద చూపిస్తుంది. హైదరాబాద్‌లో కూర్చుని బంగాళాఖాతానికి చేస్తున్న పనిని గోదావరికి ఎందుకు చేయకూడదు?

మొదలుపెట్టడానికి ములుగే సరైన చోటు. పేరూరులో కేంద్ర జలసంఘం నీటిమట్టం కొలుస్తుంది. తుపాకులగూడెం దగ్గర సమ్మక్క బ్యారేజీ ఉంది. గేట్లు ఎప్పుడు ఎత్తారో, ఎప్పుడు దించారో తెలియకుండా ఇక్కడ ఏ అంచనా నిలవదు. మృతదేహం దొరికిన చోటు ప్రతి పంచనామాలోనూ ఉంటుంది. పాత పంచనామాలన్నీ తిరగేసి ఆ చోట్లను పటం మీద గుర్తిస్తే తొలి నమూనా చేతికొస్తుంది. మనిషి బరువుండే బొమ్మలకు జీపీఎస్ కట్టి, ఏటూరునాగారం, మంగపేట రేవుల నుంచి వేర్వేరు నీటిమట్టాల్లో వదిలి దాన్ని సరిచూసుకోవచ్చు. ఆ బొమ్మల వెంట పడవలో జాలర్లు కూడా ఉండాలి. వారికి కూలి కాదు, నిపుణులకిచ్చే పారితోషికం ఇవ్వాలి.