కొల్లాపూర్ తీర్పులు – జూపల్లి రాజకీయ ప్రస్థానం

జూపల్లి కృష్ణారావు 1999లో కాంగ్రెస్ అభ్యర్థిగా కొల్లాపూర్ నుంచి తొలిసారి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆ తర్వాత 2004, 2009, 2012, 2014, 2023లలోనూ అక్కడి నుంచే గెలిచారు. మధ్యలో ఒక్క 2018లో ఓడారు. ఉమ్మడి రాష్ట్రంలో కాంగ్రెస్ మంత్రిగా, తెలంగాణ తొలి ప్రభుత్వంలో టీఆర్‌ఎస్ మంత్రిగా, ప్రస్తుత ప్రభుత్వంలో మళ్లీ కాంగ్రెస్ మంత్రిగా బాధ్యతలు చేపట్టారు. నడిగడ్డ నుంచి నల్లమల దాకా ఉన్న ప్రాంతంలో ఓటరు పార్టీని ఎలా చూస్తాడో, నాయకుణ్ణి ఎలా చూస్తాడో ఈ ప్రస్థానం చెబుతుంది.

ఆయన స్వగ్రామం పెద్దదగడ వనపర్తి జిల్లాలో ఉంది. నియోజకవర్గ కేంద్రం కొల్లాపూర్ నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరులో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాను విభజించినప్పుడు నియోజకవర్గంలోని పానగల్, వీపనగండ్ల, చిన్నంబావి మండలాలు వనపర్తి వైపు, మిగిలినవి నాగర్‌కర్నూల్ వైపు వెళ్లాయి. నిజాం ఏలుబడిలో గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలుగా సాగిన నేల ఇది. దొర పోయినా పెద్దమనిషి గడప తొక్కి పని చేయించుకునే అలవాటు ఊళ్లలో మిగిలింది. పార్టీ జెండా కన్నా మనిషికి విలువ రావడానికి ఇదొక కారణం.

2004 ఎన్నికలే దీనికి నిదర్శనం. కాంగ్రెస్‌తో పొత్తులో కొల్లాపూర్ సీటు టీఆర్‌ఎస్‌కు పోవడంతో జూపల్లి స్వతంత్రుడిగా బరిలో దిగి గెలిచారు. అదే ఎన్నికల్లో గద్వాలలో డీకే అరుణ సమాజ్‌వాదీ పార్టీ గుర్తుపై నెగ్గారు. 2009లో ఇద్దరూ కాంగ్రెస్ టికెట్‌పై గెలిచి వైఎస్ రాజశేఖరరెడ్డి మంత్రివర్గంలో చేరారు. టికెట్ నిరాకరించినంత మాత్రాన ఇక్కడ రాజకీయ జీవితం ముగిసిపోదని పార్టీలకు తెలిసొచ్చింది.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న 2011లో జూపల్లి మంత్రి పదవిని, శాసనసభ్యత్వాన్ని వదులుకుని టీఆర్‌ఎస్‌లో చేరారు. 2012 మార్చి ఉప ఎన్నికలో గెలిచారు. అదే విడతలో పక్కనున్న నాగర్‌కర్నూల్‌లో నాగం జనార్దన్‌రెడ్డి తెలుగుదేశాన్ని వీడి, స్వతంత్రుడిగా నెగ్గారు. రాష్ట్రం వచ్చాక జూపల్లి 2014 డిసెంబరులో కేసీఆర్ మంత్రివర్గంలో పరిశ్రమల శాఖ, 2016లో పంచాయతీరాజ్ శాఖ చేపట్టారు.

ఆయన పదవీకాలంలో కలకాలం నిలిచే పని 2018 పంచాయతీరాజ్ చట్టం. ఆ చట్టంతో తండాలు, శివారు పల్లెలు సొంత పంచాయతీలయ్యాయి. రాష్ట్రంలో గ్రామ పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. అప్పటిదాకా ఏ సంతకం కావాలన్నా పెద్ద ఊరి పంచాయతీ కార్యాలయానికి నడిచి వెళ్లిన తండావాసులకు తమ సర్పంచి తమ మధ్యే దొరికాడు. 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు ప్రకటన వెలువడింది. అదే చట్టం సర్పంచిని సస్పెండ్ చేసే అధికారాన్ని కలెక్టరు చేతిలో పెట్టింది. ఒక చేత్తో ఇచ్చిన స్వపరిపాలనను మరో చేత్తో బిగించడం దాని లోపం. 2024 ఫిబ్రవరిలో పాలకవర్గాల గడువు ముగిశాక సకాలంలో ఎన్నికలు జరగక ప్రత్యేకాధికారులు రావడంతో చట్టం ఆశయం మరింత పలచబడింది.

ఆ చట్టం వచ్చిన ఏడాదే ఆయన ఓడిపోయారు. 2018 డిసెంబరులో ఉమ్మడి జిల్లాలోని 14 స్థానాల్లో టీఆర్‌ఎస్ 13 గెలిస్తే, పోయిన ఆ ఒక్కటీ పంచాయతీరాజ్ మంత్రిదే. కాంగ్రెస్ అభ్యర్థి బీరం హర్షవర్ధన్‌రెడ్డి గెలిచి, తర్వాత టీఆర్‌ఎస్‌లో చేరారు. ఒకే పార్టీలో రెండు వర్గాలు తలపడ్డాయి. అప్పటికి బీఆర్‌ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్‌ఎస్ 2023 ఏప్రిల్‌లో జూపల్లిని సస్పెండ్ చేసింది. ఆగస్టులో కాంగ్రెస్‌లో చేరిన ఆయన డిసెంబరులో హర్షవర్ధన్‌రెడ్డినే ఓడించారు. ఎక్సైజ్, పర్యాటక శాఖలతో మళ్లీ మంత్రి అయ్యారు. అదే ఎన్నికలో ‘బర్రెలక్క’గా పేరుపడిన నిరుద్యోగ యువతి స్వతంత్రురాలిగా నిలబడి ఐదు వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. కొలువుల కోసం ఎదురుచూస్తున్న యువత వేసిన ప్రశ్న అది.

కొల్లాపూర్ అసలు ప్రశ్న మాత్రం కృష్ణా నీళ్లే. శ్రీశైలం జలాశయం కింద ఈ ప్రాంతం ఊళ్లను, పొలాలను కోల్పోయింది. 98 జీవో ప్రకారం కొలువులివ్వాలని ముంపు నిర్వాసితులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. కల్వకుర్తి ఎత్తిపోతలకు నీళ్లు తోడే ఎల్లూరు, పాలమూరు–రంగారెడ్డి తొలి లిఫ్టు ఉన్న నార్లాపూర్ రెండూ కొల్లాపూర్ మండలంలోనే ఉన్నాయి. పాలమూరు–రంగారెడ్డికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగితే, తొలి పంపు తిరిగింది 2023 సెప్టెంబరులో. ఆ ఆలస్యానికి ఏ ఒక్క ప్రభుత్వమో బాధ్యత వహిస్తే సరిపోదు. అధికారం చూసిన ప్రతి పార్టీకీ, ప్రతి మంత్రికీ అందులో వాటా ఉంది.

పార్టీ మారినా ఓటరు వెంట నిలవడం జూపల్లి సాధించిన వ్యక్తిగత విశ్వాసం. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ వ్యక్తిపై విశ్వాసం వ్యక్తితోనే పోతుంది. పంచాయతీకి నిధులు, అధికారాలు, సకాలంలో ఎన్నికలు దక్కడం, నిర్వాసితుడికి ఉద్యోగం రావడం, చివరి ఆయకట్టుకు కాలువ పారడం తరాల పాటు నిలుస్తాయి. పాలమూరు నాయకులు ఎన్నిసార్లు మంత్రులయ్యారన్నది కాక, వీటిలో ఎన్ని పూర్తిచేశారన్నదే ఓటరు అడగాలి.